నాలుగింట మూడు వంతులు

ఉగాది మరునాడు సాయంత్రం, అనంతపురం పాతూరులోని మా ఇంటి మిద్దె మీద, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి లెక్కల నోటుపుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది. పుస్తకంలో చపాతీలు ఉన్నచోట ముందురోజు మేము చేసుకున్న ఓళిగలను పెట్టి ఆ లెక్కను నేనే మార్చి ఇచ్చాను. ఒక ఇంట్లో 24 ఓళిగలు చేశారు, వాటిలో మూడో వంతు ఇరుగుపొరుగు ఇళ్లకు పంచిపెట్టారు, మిగిలినవాటిలో నాలుగింట మూడు వంతులు ఇంట్లోవాళ్లు తిన్నారు, చివరికి ఎన్ని మిగిలాయి అన్నది ప్రశ్న. తను 24లో మూడో వంతు 8 అని రాసింది, 24లో 3/4 అంటే 18 అని రాసింది, రెండూ కలిపి 26 అని రాసి, 24లోంచి 26ను తీసివేయవలసిన చోట ఆగిపోయింది.

"ఉన్నవాటికంటే ఎక్కువ ఎట్ల తింటారు మ్మా?" అని నన్ను అడిగింది.

ఆ ప్రశ్న విని నాకు చాలా సంతోషం కలిగింది. వచ్చిన జవాబును తను అంకెలతో కాక గంపలో ఉన్న ఓళిగలతో సరిచూసుకుంది. అదే లెక్కను 1/3, 3/4 అని ఉత్త భిన్నాలుగా ఇచ్చి కలపమని ఉంటే 13/12 అని రాసి, అందులో తప్పేమీ కనబడక, తర్వాతి లెక్కకు వెళ్లిపోయేది. భిన్నాలను తిండి లెక్కలతో మొదలుపెట్టడం నాకు ఇష్టం కావడానికి కారణం ఇదే. తినే వస్తువుకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటిన జవాబు పిల్లల కంటికి తప్పక కనబడుతుంది.

తను చేసిన తప్పు గుణకారంలో లేదు, భాగహారంలో లేదు. లెక్కలో రెండు భిన్నాలు ఉన్నాయి, కానీ అవి రెండూ ఒకే రాశికి చెందినవి కావు. మూడో వంతు అన్నది 24 ఓళిగలలో మూడో వంతు. నాలుగింట మూడు వంతులు అన్నది 24లో కాదు, పంచగా మిగిలిన 16లో. ఆ 16లో నాలుగింట మూడు వంతులు 12, కనుక మిగిలినవి 4. తనను మరేదీ సరిచేయమనకుండా, ప్రతి భిన్నం పక్కనా "దేనిలో?" అన్న ప్రశ్నకు జవాబు మాత్రం రాయమన్నాను. 1/3 పక్కన "24 ఓళిగలలో" అని, 3/4 పక్కన "మిగిలిన 16 ఓళిగలలో" అని రాసేసరికి మిగతాదంతా తనే చేసింది. తర్వాత ఇంకో దారి కూడా చూపించాను. మూడో వంతు పోతే మిగిలేది మూడింట రెండు వంతులు, అందులో ముప్పాతిక తింటే మిగిలేది దానిలో పాతిక, అంటే 2/3లో 1/4, అంటే మొత్తంలో ఆరో వంతు. 24లో ఆరో వంతు 4. ఓళిగల సంఖ్య చివరివరకూ అవసరం రాలేదు.

మొత్తంలో వంతుకూ మిగిలినదానిలో వంతుకూ ఉన్న ఈ తేడా పాతకాలం గణితవేత్తలకు ఎంత ముఖ్యంగా తోచిందంటే, 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో జీవించిన మహావీరాచార్యుడు ఈ రెండు రకాల లెక్కలకూ వేరువేరు పేర్లే పెట్టాడు. మొత్తంలోంచి వంతులు తీసే లెక్క భాగజాతి, ఒక వంతు తీశాక మిగిలినదానిలోంచి మళ్లీ వంతు తీసే లెక్క శేషజాతి. ఆయన సంస్కృతంలో రాసిన గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు కనుక, మన భాషలో ఈ లెక్కలు కొత్తగా వచ్చినవి కావు. మా అమ్మాయి శేషజాతి లెక్కను భాగజాతి లెక్కగా చేసింది, అంతే.

ఆ సాయంత్రం నాకు తట్టిన మరో విషయం గురించి కొంచెం వివరంగా రాయాలని ఉంది. తను 3/4ను "త్రీ బై ఫోర్" అని చదువుతోంది. కొందరు పిల్లలు "మూడు బై నాలుగు" అంటారు. రెండింటిలోనూ పైనున్న అంకె ముందు, కిందున్న అంకె తర్వాత వస్తాయి, మధ్యలో ఉన్న "బై" ఏమి చెబుతోందో పిల్లలలో ఎవరికీ తెలియదు. తెలుగులో దాన్ని "నాలుగింట మూడు వంతులు" అంటాము. ఇక్కడ కిందున్న హారం ముందుకు వచ్చింది, పైనున్న లవం తర్వాత వచ్చింది, చివర "వంతులు" అన్న మాట ఆ మూడూ ఏమిటో చెప్పింది. పంపకం జరిగే వరుస కూడా సరిగ్గా ఇదే. ఓళిగను ముందు నాలుగు సమానమైన ముక్కలు చేయాలి, ఆ తర్వాతే అందులో మూడు తీసుకోగలము. ముక్కలు చేయకముందు మూడు తీసుకోవడం అన్నది ఎవరి చేతా కాదు. పత్రికలలో "మూడింట రెండు వంతుల మెజారిటీ" అని రోజూ చదివే మనము, ఆ మాటలోనే భిన్నం అర్థమంతా ఉందన్న సంగతిని బడిలో వాడుకోవడం మానేశాము. "అయిదింట" అనగానే పిల్లల చేయి గాలిలో అయిదు కుప్పలు పెట్టడం నేను చూశాను. "టూ బై ఫైవ్" అన్నప్పుడు ఆ చేయి కదలదు.

ఈ మాట వల్ల తేలికయ్యే లెక్కలలో వెనక్కి నడిచే లెక్క ఒకటి. రాగి ముద్దలలో అయిదింట రెండు వంతులు తినగా 9 ముద్దలు మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయి? సమీకరణం రాయనక్కరలేదు. అయిదు కుప్పలు పెట్టారు, రెండు కుప్పలు అయిపోయాయి, మిగిలిన మూడు కుప్పలలో 9 ఉన్నాయి, కుప్పకు 3, కనుక మొత్తం 15.

పంపకాల విషయంలో నేను మొదట నేర్చుకున్నది బడిలో కాదు. తాడిపత్రి దగ్గరి పల్లెలో, వేసవి సెలవులలో, మా జేజి దగ్గర. మేము ఆరుగురం పిల్లలము. జేజికి చదవడం రాయడం రాదు. శెనగబ్యాళ్ల పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు ఒకసారి సరిగ్గా అయిదే మిగిలాయి. ఆరుగురికి అయిదు ఎట్లా పంచుతుందోనని మేమంతా చుట్టూ కూర్చుని చూశాము. జేజి మూడు ఓళిగలను తీసి ఒక్కొక్కదాన్ని సగానికి తుంచింది, ఆరు సగాలు వచ్చాయి, తలా ఒకటి చేతిలో పెట్టింది. మిగిలిన రెండింటిలో ఒక్కొక్కదాన్ని మూడు ముక్కలు చేసింది, మళ్లీ ఆరు ముక్కలు వచ్చాయి, తలా ఒకటి ఇచ్చింది. ఎవరి చేతిలో చూసినా ఒక సగం, ఒక మూడో వంతు ముక్క. జగడం రాలేదు.

నేను పెద్దయి భిన్నాలు నేర్చుకున్నాక, 5 ÷ 6 = 5/6 అన్న జవాబుకూ జేజి చేసినదానికీ ఉన్న సంబంధం గురించి చాలాసార్లు ఆలోచించాను. పుస్తకం చెప్పినట్లు తలా 5/6 ఇవ్వాలంటే, ప్రతి ఓళిగలోంచి ఆరో వంతు కోసి పక్కన పెట్టి, అయిదుగురికి పెద్ద ముక్కలు ఇచ్చి, ఆరో పిల్లకు అయిదు చిన్న ముక్కలు ఇవ్వవచ్చు. తూకంలో అది సరిపోతుంది, కానీ ఆరో పిల్ల ఊరుకోదు. జేజి పంపకంలో బరువే కాదు, ముక్కల ఆకారం కూడా అందరికీ ఒకటే. ఈ పద్ధతి ఎంత పాతదో తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టులో అహ్మోసు అనే లేఖకుడు ప్రతి తీసిన గణిత పత్రం ఒకటి రిండ్ పపైరస్ అన్న పేరుతో ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులోని మొదటి లెక్కలు పదిమందికి రొట్టెలు పంచే లెక్కలే. పదిమందికి 6 రొట్టెలు పంచితే తలా 1/2, 1/10 అని అందులో జవాబు. అయిదు రొట్టెలను సగాలు చేసి, మిగిలిన ఒక్క రొట్టెను పది ముక్కలు చేస్తే సరిగ్గా అదే వస్తుంది. 7 రొట్టెలైతే తలా 2/3, 1/30. తాడిపత్రి పల్లెలో మా జేజి చేతులు చేసిన పనే అది.

జేజి పంపకంలోనే భిన్నాల కూడిక కూడా ఉంది. సగమూ మూడో వంతూ కలిస్తే ఎంత అని అడిగితే, పైవి పైన, కిందవి కింద కలిపి 2/5 అని రాసే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్లకు నియమం చెప్పేముందు నేను ఒక్కటే అడుగుతాను. చేతిలో సగం ఉండగా దానికి ఇంకో ముక్క చేరితే సగం కంటే పెరగాలా, తగ్గాలా? 2/5 సగం కంటే తక్కువ. అది అర్థమయ్యాక సగం ముక్కను మూడుగా, మూడో వంతు ముక్కను రెండుగా తుంచి చూపిస్తే, అన్నీ ఆరో వంతు ముక్కలే అవుతాయి, మూడూ రెండూ అయిదు, కనుక 5/6. ఒకే రకం ముక్కలుగా మార్చాకే లెక్కపెట్టగలము అన్నదే ఇందులోని కిటుకు. పాఠ్యపుస్తకాలు సజాతి భిన్నాలు, విజాతి భిన్నాలు అంటాయి. పాత సంస్కృత గణితంలో దీనికి కలాసవర్ణం అని పేరు, అంటే వంతులను ఒకే వర్ణానికి, ఒకే జాతికి తేవడం. మహావీరాచార్యుడు ఇందుకోసం హారాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని వాడాడు, దానిని నిరుద్ధం అన్నాడు. మనము ఇప్పుడు క.సా.గు. అంటున్నది అదే.

సగాలు చేయడం చేతికి సులువు, మూడు ముక్కలు చేయడం కష్టం. జేజి కూడా మూడు ముక్కలు చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూసుకునేది. మన పాత కొలతలన్నీ సగాల మీదా పాతికల మీదా నడవడానికి ఇదే కారణం అయి ఉండాలని నాకు అనిపిస్తుంది. సేరుకు నాలుగు పావులు, పావుకు నాలుగు చటాకులు. రూపాయికి పదహారు అణాలు, అందులో నాలుగు పావలా, రెండు బేడ. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాక ఆ నాణేలు క్రమంగా పోయాయి, కానీ లోటు లేని నిండుదనానికి మనము ఇప్పటికీ "పదహారణాల" అనే అంటాము, పదహారో వంతుకు "వీసం" అన్న మాట "వీసమెత్తు"లో ఇంకా ఉంది. దాదాపు అంతా అని చెప్పడానికి పెద్దవాళ్లు "ముప్పాతిక మువ్వీసం" అంటారు. దాన్ని లెక్కగా మా అమ్మాయికి ఇచ్చాను. ముప్పాతిక అంటే 3/4, దాన్ని వీసాలలోకి మారిస్తే 12/16. మువ్వీసం అంటే 3/16. రెండూ కలిస్తే 15/16. పదహారింట పదిహేను వంతులు, అంటే ఒక్క వీసం తప్ప అంతా. మాట్లాడేవాళ్లకు తెలియకుండానే ఇంత కచ్చితమైన కూడిక మాటలో దాగి ఉందని తెలిసి తను ఆ రోజంతా ఇంట్లో అందరినీ ఆ లెక్క అడిగింది.

భిన్నంతో భాగించడం దగ్గర పెద్దవాళ్లు కూడా తడబడతారు. ఇందుకు శెనక్కాయలు బాగా పనికివస్తాయి. ఊరి నుంచి వచ్చిన రెండున్నర కిలోలను తలా పావుకిలో చొప్పున పంచితే ఎంతమందికి వస్తాయి అన్న ప్రశ్నకు ఎవరైనా పది అని చెబుతారు. కిలోకు నాలుగు పావులు, రెండు కిలోలకు ఎనిమిది, అరకిలోకు రెండు. 5/2ను 1/4తో భాగించడం అంటే ఇంతే, అందులో పావు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టడం. తిరగేసి గుణించాలన్న సూత్రం ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడే కనబడుతుంది. నాలుగుతో గుణించడం అంటే కిలోకు నాలుగు పావులన్న సంగతిని రాయడమే.

చిక్కు వచ్చేది జవాబు నిండు సంఖ్య కానప్పుడు. రెండు కిలోల శెనక్కాయలను తలా ముప్పావుకిలో చొప్పున పంచాలి. సూత్రం ప్రకారం 2ను 3/4తో భాగిస్తే 8/3, అంటే రెండు, పైన 2/3. ఇప్పుడు తక్కెడ తెచ్చి నిజంగా తూచాము. ఒకరికి ముప్పావు, ఇంకొకరికి ముప్పావు, మొత్తం కిలోన్నర పోయింది. మిగిలింది అరకిలో. మా అమ్మాయి నోటుపుస్తకంలో 2/3 ఉంది, తక్కెడలో 1/2 ఉంది. ఎదురుగా కూర్చున్న పక్కింటి పిల్లవాడు సూత్రమే తప్పేమో అన్నాడు.

రెండూ సరైనవే. మళ్లీ "దేనిలో?" అన్న ప్రశ్నే అడగాలి. తక్కెడలోని 1/2 అన్నది కిలోలో సగం. జవాబులోని 2/3 అన్నది ముప్పావుకిలో వంతులో మూడింట రెండు వంతులు. ముప్పావులో మూడు పావులు ఉన్నాయి, అరకిలోలో రెండు పావులు ఉన్నాయి, కనుక మూడో మనిషికి రావలసిన వంతులో మూడింట రెండు వంతులే మిగిలాయి. మనము భాగించినప్పుడు అడిగింది ఎన్ని కిలోలు మిగిలాయి అని కాదు, ఎంతమందికి వంతు వచ్చింది అని. జవాబు మనుషుల వంతుల లెక్కలో వచ్చింది, తక్కెడ కిలోల లెక్కలో చూపింది. ఈ ఒక్క లెక్కను కాయలతో తూచి చేసిన పిల్లలు ఇకముందు శేషం దగ్గర పొరబడరని నాకు గట్టి నమ్మకం. బడిలో భిన్నాల భాగహారాన్ని ఒక్క పీరియడులో ముగించడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఈ రెండు కిలోల లెక్కకే ఒక పీరియడు ఇవ్వాలి.

పెద్ద హారం ఉన్న భిన్నం పెద్దదనుకునే పొరపాటు గురించి ఎక్కువ రాయను. కళింగర పండును ఆరుగురికి కోసినప్పుడు ముక్క పెద్దదా, పన్నెండుమందికి కోసినప్పుడు పెద్దదా అని అడిగితే అది పోతుంది. అయితే రెండు పండ్లూ ఒకే పరిమాణంలో ఉన్నాయని ముందే చెప్పాలి, లేకపోతే చిన్న పండులో సగమూ పెద్ద పండులో మూడో వంతూ పోల్చడానికి వీలుకాదు.

ఇంట్లో పంపకాలన్నీ సమానంగా జరగవన్నది పుస్తకాలలోని లెక్కలు మరచిపోయే విషయం. జేజి పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ ఒకే వంతు పెట్టేది కాదు. "ఇద్దరు పిల్లోళ్లు ఒక పెద్ద మనిసి" అని లెక్క వేసుకునేది. ముగ్గురు పెద్దవాళ్లు, నలుగురు పిల్లలు ఉంటే ఆమె లెక్కలో ఏడుగురు కాదు, అయిదు నిండు వంతులు. పది ఓళిగలుంటే పెద్దవాళ్లకు రెండేసి, పిల్లలకు ఒక్కొక్కటి. నాలుగే ఉంటే పెద్దవాళ్లకు తలా ఒక ఓళిగలో అయిదింట నాలుగు వంతులు, పిల్లలకు అందులో సగం, అంటే అయిదింట రెండు వంతులు. సరిచూసుకుంటే పెద్దవాళ్లవి మూడు నాలుగులు పన్నెండు, పిల్లలవి నాలుగు రెండ్లు ఎనిమిది, మొత్తం ఇరవై ముక్కలు, ఒక్కొక్కటీ ఓళిగలో అయిదో వంతు, అంటే సరిగ్గా నాలుగు ఓళిగలు. ఈ లెక్కను మా అమ్మాయికి ఇచ్చినప్పుడు తను మొదట 4/7 అని రాసి, తర్వాత కొట్టేసి, నన్ను ఏమీ అడగకుండా కాగితం మీద పెద్దవాళ్లకు నిండు గుండ్రాలు, పిల్లలకు సగం గుండ్రాలు గీసి లెక్కపెట్టుకుంది.

నిన్న రాత్రి తనే ఒక లెక్క కట్టి నాకు ఇచ్చింది. ఒక అమ్మ ఉగ్గాని చేసి బజ్జీలు వేసింది. నాన్న బజ్జీలలో నాలుగో వంతు తిన్నాడు, మిగిలినవాటిలో మూడో వంతు అక్క తిన్నది, ఇంకా మిగిలినవాటిలో సగం తమ్ముడు తిన్నాడు, అమ్మకు 3 బజ్జీలు మిగిలాయి. నాలుగో వంతు, మూడో వంతు, సగం అని వరుసగా పెరుగుతున్నట్లు ఉన్నా అందరూ తిన్నవి సమానమేనని నిరూపించమంది. చివరి నుంచి వెనక్కి నడిచాను. తమ్ముడు సగం తిన్నాక 3 మిగిలాయి కనుక వాడు తిన్నవి 3, వాడి ముందున్నవి 6. ఆ 6 అక్క తినగా మిగిలిన మూడింట రెండు వంతులు కనుక అక్క ముందున్నవి 9, ఆమె తిన్నవి 3. ఆ 9 నాలుగింట మూడు వంతులు కనుక మొత్తం 12, నాన్న తిన్నవి 3. ఈ లెక్క ఎట్లా తట్టిందని అడిగితే, నలుగురికి సమానంగా పంచేటప్పుడు మొదటివాళ్లు నాలుగో వంతు తీసుకుంటే తర్వాత ముగ్గురే ఉంటారు కదా, అప్పుడు మూడో వంతే కదా అని చెప్పి, నేను రాసిన ప్రతి భిన్నం పక్కనా "దేనిలో" అన్నది రాశానా లేదా అని నా కాగితం తీసుకుని చూడడం మొదలుపెట్టింది.